రేపల్లె డాబా మీది గాలి

తెనాలి,
4-8-1992

ప్రియమైన బర్నబాస్ మాస్టారికి,

బసవేశ్వరరావు నమస్కారాలు. రోజూ రేడియోలో పలకరించుకునే మనకి ఉత్తరం ఎందుకంటారా? గాలిలో వదిలిన మాట అందరి సొత్తు. మనలాగే ఇంట్లోంచి రేడియోలో మాట్లాడుకునే హామ్ మిత్రుల చెవులు మరీ పొడుగు.

జూన్‌లో మీ డాబా మీద పెట్టిన మిషనుకి ఇవాళ యాభయ్యో రోజు. మనిషి చెయ్యి పడకుండా పొద్దున ఏడింటికి, సాయంత్రం అయిదింటికి గాలి ఎంత, వాన ఎంత, ఎండ ఎంత అని మోర్స్ చుక్కల్లో, గీతల్లో దానంతటదే పంపుతోంది. ఆరు నెలలు రిపేరుకొచ్చిన రేడియోలన్నీ పక్కన పడేసి కట్టాను దాన్ని. మా ఇంటావిడ ఇంకా దెప్పుతూనే ఉంది.

నవంబరులో బాపట్లలో జరిగే హామ్‌ల సమావేశంలో దాన్ని చూపిద్దాం. ఆ తర్వాత రెండోది చేసి నిజాంపట్నం యలమంద పడవ మీద పెడదాం. మీరక్కడ, నేనిక్కడ యాంటెనాలు తిప్పి, సంకేతం వచ్చిన దిక్కుకి మ్యాపు మీద చెరో గీత గీస్తే, అవి కలిసిన చోటే పడవ. మీ డాబా మీది మిషను గాలి బాగుందంటేనే వేటకి వెళ్తానంటున్నాడు యలమంద.

కళ్లు మసకేశాయి, నడుము పట్టేసింది. ఈ ఒక్క పనీ అయితే చాలు. ఒకసారి వచ్చి రెండు రోజులుండి వెళ్లండి. చెల్లెమ్మ కాంతమ్మని అడిగానని చెప్పండి.

మీ మిత్రుడు,
బసవేశ్వరరావు


రేపల్లె,
21-8-1992

ప్రియమైన రావుగారికి,

వందనాలు. జవాబు ఆలస్యమైంది, క్షమించండి. స్కూల్లో పరీక్ష పేపర్లు, ఇంట్లో వాన కారుడు. పడుకుని లేచినా అలుపు తీరడం లేదు.

తెనాలి రావాలని నాకూ ఉంది గానీ కుదరదండి. పొద్దునా సాయంత్రం ఇల్లు కదలలేని పనులున్నాయి. బాపట్ల సంగతి వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే ఎలా ఉంటుంది? మిషను ఇంకా చంటిపిల్లే కదా. మీ నడుముకి ఆముదం కాచి పట్టించమని కాంతమ్మ చెప్పమంది.

ఇట్లు,
బర్నబాస్


రేపల్లె,
9-10-1992

ప్రియమైన రావుగారికి,

మీ రెండు కార్డులూ అందాయి. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.

మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి యలమంద మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మిషను చూస్తానన్నాడు. డాబా ఎక్కి, చెప్పులు విప్పి, దానికి దణ్ణం పెట్టాడు. "నా కొడుకులిద్దరూ నాతోనే పడవెక్కుతారండి. ఇది వెళ్లమంటే వెళ్తాం, వద్దంటే మానేస్తామండి" అన్నాడు.

మిషను పన్నెండో రోజునే చచ్చిపోయిందండి. ఉప్పుగాలికి లోపలి తీగలు పచ్చగా చిలుం పట్టి ఊడిపోయాయి. ఆ సాయంత్రం మీరు చెవి ఒగ్గి కూర్చుని ఉంటారని తలుచుకుంటే చెప్పడానికి నోరు రాలేదు. ఈ ఒక్కపూటకే కదా అని, డాబా ఎక్కి, గాలి గిన్నెలు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో చూసి, వాన గొట్టం చూసి, నేనే వేలితో మోర్స్ కీ నొక్కి పంపాను. ఒక్కపూట మూడు నెలలు దాటింది. అన్ని రోజులూ రెండు పూటలా నేనే పంపాను. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు.

అంకెలు అబద్ధం కావు. పంపింది మిషను అన్నదే అబద్ధం. నన్ను ఏమన్నా పడతాను. యలమందకి మాత్రం మీరే చెప్పండి. నాకు మొహం చెల్లదు.

మీ స్నేహానికి తగని,
బర్నబాస్


తెనాలి,
16-10-1992

ప్రియమైన మాస్టారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు కొట్టు తెరవలేదు. కోపంతో కాదు, సిగ్గుతో.

చేత్తో పంపిన మొదటి రోజే నాకు తెలిసిపోయింది. మిషను కొట్టే గీతలన్నీ కొలిచి కోసినట్టుంటాయి. చేతితో కొట్టే గీత ఒకటి సాగుతుంది, ఒకటి తడబడుతుంది. ఇరవై ఏళ్లు హెడ్‌ఫోను పెట్టుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా? ఆర్నెల్ల కష్టం పన్నెండు రోజులకే పోయిందని ఒప్పుకోలేక ఊరుకున్నాను. బాపట్ల మాట ఎత్తితే మీరే బయటపడతారనుకున్నాను. మీరు చెప్పలేదు, నేను ఆపలేదు. నా మనసు నొప్పించకూడదని మీరు, మీ మనసు నొప్పించకూడదని నేను, మధ్యలో ముగ్గురు మనుషుల్ని సముద్రం మీదికి పంపబోయాం.

నిన్న బస్సెక్కి నిజాంపట్నం వెళ్లి యలమందకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. వల సరిచేసుకుంటూనే, "మిషనైతే ఏంటి, మనిషైతే ఏంటండి? అబద్ధం చెప్పకుండా రోజూ రేవులో కొట్టుకి ఫోను చేసి గాలి సంగతి చెప్తే చాలండి" అన్నాడు. చెప్తామని మాటిచ్చి వచ్చాను. బాపట్లలోనూ చచ్చిన మిషనునే బల్ల మీద పెట్టి, ఎలా చచ్చిందో చెబుదాం. వినేవాళ్లకి అదే ఎక్కువ ఉపయోగం.

ఇంకొకటి. రెండు పూటలా మీరే పంపానని రాశారు. పొద్దుటి చెయ్యి మీదే. సాయంత్రం చెయ్యి మీది కాదు. మీకంటే చక్కగా ఉంది కూడా. మీ ఇంట్లో ఉండేది ఇద్దరే కదా మాస్టారూ! కీ కొట్టడానికి లైసెన్సు లేదని చెల్లెమ్మ పేరు దాచారు, అర్థమైంది. దరఖాస్తు ఫారం ఇందులోనే పెట్టాను. కాంతమ్మ పేరు, పుట్టిన తేదీ నింపి, సంతకం పెట్టించి పంపండి. పరీక్ష ఫీజు నాది.

లైసెన్సు వచ్చేదాకా సాయంత్రాలు ఆవిడ కీ ముట్టకూడదు, మీరూ ముట్టొద్దు. అయిదింటికి నేనూ రేడియో పెట్టను. ముగ్గురం కాస్త నడుం వాలుద్దాం.

మీ మిత్రుడు,
బసవేశ్వరరావు