సముద్రవేణికి రైలింగు

పద్మారావు నగర్,
నవంబర్ 3

మౌలాలి రైలింగుల సాదిక్ గారికి, వరహాలు నమస్కారాలు.

మా అపార్ట్‌మెంటు మెట్లకి రైలింగు వేసింది మీరే. రెండో అంతస్తులో ఉండే చెవిటి మనిషిని నేను. ఓడ ఇంజను గదిలో ముప్పై ఏళ్ళు నూనె పోసిన పుణ్యం అది. ఫోనులో మీరొకటంటే నేనొకటి వింటాను. అందుకే ఊళ్ళో ఊళ్ళోనే పోస్టులో ఉత్తరం రాస్తున్నాను.

నేను పనిచేసిన ప్యాసింజరు ఓడ ‘సముద్రవేణి’ని చెక్కతో బొమ్మగా కట్టాను. మోటారు ఉంది, నీళ్ళలో నిజంగా తిరుగుతుంది. రైలింగు ఒక్కటే తక్కువ. దారం కట్టి చూశాను, బట్టలారేసే తీగలా వేలాడింది. గుండుసూదులు గుచ్చాను, పళ్ళూడిన దువ్వెనలా ఉంది. ఇత్తడిది కావాలి. ఎత్తు ఇరవై రెండు. రెండు వరసల కడ్డీలు చాలు. కుడి పక్క మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు వదలాలి.

మీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న
వరహాలు

తా.క. పోస్టుమాన్ నన్ను వింతగా చూస్తున్నాడు. త్వరగా రాయండి.

మౌలాలి,
నవంబర్ 6

వరహాలు సాబ్‌కు సాదిక్ సలాం. చెప్తున్నది నేను, రాస్తున్నది నా బిడ్డ ఖుష్బూ.

ఓడ కట్టిన్రంటే మస్తు ఖుష్ అయిన. గని సాబ్, ఇరవై రెండు ఇంచులు ఏం సరిపోతది? మోకాలి మీదికి కొంచెం వస్తది, అంతే. జెర గాలొస్తే అందరు నీళ్ళల్ల పడ్తరు. మా దుకాణంల ముప్పై ఆరుకు తక్కువ చెయ్యం. సందు సుత వదలం. రైలింగుల సందు వదిలినోనికి నిద్ర పట్టదని మా అబ్బాజాన్ అనెటోడు. ఎంతమంది ఎక్కుతరు? పర్మిషన్ ఉన్నదా?

మీ ప్రయాణికుల మేలు కోరే
సాదిక్

కింద ఖుష్బూ రాసుకున్నది: తాతా, బొమ్మ ఓడ అని రెండుసార్లు చదివిన. నాన్న గ్రైండర్ ఆపలే. చెవులల్ల మీరిద్దరు ఒక్కతీరే ఉన్నరు.

పద్మారావు నగర్,
నవంబర్ 9

సాదిక్ గారికి,

ఇంచులు కాదండీ, మిల్లీమీటర్లు. నేను రాయకపోవడం నా తప్పే. ఓడ పొడవు నాలుగడుగులు. ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఓడ కొలతలో మనిషంటే ఒకటిన్నర అంగుళం. ఇరవై రెండు మిల్లీమీటర్లు అతని బొడ్డు దాటుతుంది, ఇంక పడడు.

సన్నటి ఇత్తడి తీగతో స్తంభాలు చేసి, ఒక్కో దానికి రెండు చిల్లులు పెట్టి, వాటిలోంచి కడ్డీ దూర్చండి. బరువు వద్దు. పైన బరువెక్కితే ఓడ ఒరుగుతుంది. సందు మర్చిపోకండి.

కొలతల విషయంలో సిగ్గుపడుతున్న
వరహాలు

తా.క. పర్మిషన్ మా ఆవిడ గవరమ్మ ఇవ్వాలి. మూడేళ్ళుగా ఇవ్వలేదు.

మౌలాలి,
నవంబర్ 14

వరహాలు సాబ్‌కు సలాం.

పార్శిల్ పంపుతున్న. ఎత్తు మీరన్నంతే పెట్టిన. గని బొమ్మైనా రూలు రూలే సాబ్. కడ్డీల నడుమ పిల్లగాని తల దూరద్దు. మనిషి ఒకటిన్నర ఇంచైతే వాని పిల్లగాడు ఎంతుంటడో లెక్క చూసిన. రెండు కడ్డీలు పెడితే దూరుతడు. గందుకే ఐదు పెట్టిన, జెర మందం కడ్డీలే. సందు వదలలే.

రాజీ పడని
సాదిక్

కింద ఖుష్బూ: నాన్న నిన్న శెనగగింజ పట్టుకొని కడ్డీల నడుమ దూరుతదా అని చూసిండు. దూరలే. గప్పుడు అన్నం తిన్నడు.

పద్మారావు నగర్,
నవంబర్ 18

మొండి సాదిక్‌కి,

నీ రైలింగు తగిలించి ఓడని మా స్నానాల గది తొట్టిలో వదిలాను. అది కుడి పక్కకి ఒరిగి, భోంచేసిన పెద్దమనిషిలా పడుకుంది. నీ పిల్లవాడి తల భద్రంగానే ఉంది. ఓడే మునిగింది.

ఇక దాచి లాభం లేదు, అసలు సంగతి రాస్తాను. నలభై రెండేళ్ళ కిందట పోర్టుబ్లెయిర్ నుంచి విశాఖ వస్తుంటే, ఆ సందుకి కట్టే గొలుసు పెట్టడం ఎవడో వెధవ మర్చిపోయాడు. ఒకమ్మాయి కళ్ళు తిరిగి అందులోంచి సముద్రంలోకి జారబోయింది. నేను చెయ్యి పట్టి లాగాను. ఆ అమ్మాయే గవరమ్మ. ఈ ముప్పయ్యో తారీకు ఆదివారం మా పెళ్ళిరోజు. మూడేళ్ళుగా ఈ ఓడని ‘చెక్కపెట్టె’ అంటోంది తప్ప ఒక్కసారి తిరిగి చూడలేదు. ఆ రోజు మా పార్కు ఫౌంటెన్ తొట్టి దగ్గరికి వస్తానంది. ఆవిడ ఈ ఓడని చూడాలి. ఆ సందు చూడాలి. నాకు కావలసింది అంతే.

పనికి సంబంధించిన మాట కూడా ఉంది. పైడెక్కు మూతలా లేచేది ఆ సందు దగ్గరే. మోటారు నడవడానికి, కొత్త బొమ్మల్లో ఉంటుందే, బ్యాటరీకి అడ్డం పెట్టిన అలాంటి ప్లాస్టిక్ పీలిక బయటికి లాగితే చాలు. ఆపాలంటే మాత్రం మూత తియ్యాలి. సందు మూస్తే ఓడ ఆగదు. అంత భయమైతే గొలుసు పెట్టు, కానీ కొక్కేనికి తగిలించేదే పెట్టు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
వరహాలు

తా.క. శెనగగింజ నేనూ వేసి చూశాను. నిజంగానే దూరలేదు.

మౌలాలి,
నవంబర్ 27

వరహాలు సాబ్‌కు సలాం.

మీ ఉత్తరం విని గ్రైండర్ ఆపిన. సన్న తీగతో కొత్తది చేసిన, రెండే కడ్డీలు. నిన్న నేనే వచ్చి బిగించి పోయిన. మీరు చెవుల డాక్టర్ కాడికి పోయిన్రంట, అమ్మగారు చాయ్ ఇచ్చిన్రు. సందుకు గొలుసు పెట్టిన. బరువు తూకం వేసిన, పాతదాంట్ల నాలుగో వంతు లేదు. ఓడ ఒరగదు. పెళ్ళిరోజు ముబారక్.

సాదిక్

కింద ఖుష్బూ: నాన్న మీ ఇంట్ల గంటన్నర ఉన్నడంట. బిగించే పని అరగంటదే. మిగిలిన గంట ఏం మాట్లాడిన్రో నాకు చెప్తలేడు.

పద్మారావు నగర్,
డిసెంబర్ 1

సాదిక్‌కి,

ఇకమీద నీకూ నాకూ ఉత్తరాలు లేవు. ఇది ఆఖరిది.

గొలుసు చూసి మురిసిపోయాను. కొక్కెం పెట్టావనుకున్నాను. నిన్న తొట్టిలో వదిలి పీలిక లాగాను. ఒరగకుండా చక్కగా తిరిగింది. పది చుట్లయ్యాక పట్టుకుని మూత తీయబోతే గొలుసు రాలేదు. రెండు వైపులా టంకం పెట్టావు. అంత చెప్పినా నీ మొండితనం నీదే. చేతిలో మోటారు గిర్రున కొట్టుకుంటోంది. ఇంటికెళ్ళి పట్టుకారు తెచ్చి గొలుసు తెంపేస్తానన్నాను. గవరమ్మ ‘తెంపకండి, నీళ్ళలో వదిలెయ్యండి’ అని బెంచీ మీద కూర్చుంది. బ్యాటరీ అయిపోవడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. పార్కులో నడిచేవాళ్ళంతా చేరారు. సందు లేదు, నేననుకున్న మాటలేవీ చెప్పలేదు. పరువు పోయింది. నాకు చాలా కష్టంగా ఉంది.

నీ పని నచ్చని
వరహాలు

తా.క. ఆవిడ మాత్రం గంటా నలభై నిమిషాలూ కదలకుండా చూసింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది. ఎందుకో అడిగితే చెప్పలేదు. నీకేమైనా తెలుసా?

మౌలాలి,
డిసెంబర్ 4

వరహాలు సాబ్‌కు సాదిక్ సలాం.

తప్పంతా నాదే సాబ్. సందు వదలడం మా ఖాందాన్‌ల లేదు, చెయ్యి దానంతటదే టంకం పెట్టింది. అమ్మగారికి ఏం సంబంధం లేదు. ఆమె ఏం చెప్పలే, నేను ఏం వినలే. మాఫ్ చెయ్యున్రి. మూత ఇంకో దిక్కు నుంచి తెరిచేటట్టు నేనే చేసిస్త. గొలుసు మాత్రం ముట్టను.

మాటకు కట్టుబడిన
సాదిక్

కింద ఖుష్బూ: తాతా, నాన్న ఒట్టేసిండు, నేను వెయ్యలే. రెండు రోజులు సతాయిస్తే ఇయ్యాల చెప్పిండు. టంకం గవరమ్మ అమ్మమ్మనే పెట్టమన్నదంట. ఎందుకని నాన్న అడిగితే ఆమె అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్న: “గొలుసు ఎట్టడం మర్సిపోయిన ఎదవెవుడో నాకు తెల్దేటి, బాబూ? ఒక సేత్తో నన్ను లాగినాడు, రెండో సేతిలో గొలుసుంది. నూనె రాద్దారని ఊడదీసినాడు. నలభై రెండేళ్ళై సెప్తాడేమోనని సూస్తన్నాను. ఈపాలి మాత్రం ఊడకుండా ఎట్టు.”