పాస్‌పోర్టు అడగని ద్వీపం

జనవరి 20, సోమవారం

పొద్దున్నే సింధు ఫోను తెచ్చి నా కళ్ళద్దాల ముందు పెట్టింది. మాల్దీవులు, బాలి, మారిషస్, లక్షద్వీప్, అండమాన్. అయిదు బొమ్మలు, అన్నీ ఒకే నీలం. "జాగ్రఫీ చెప్పినోడివి గదా తాతయ్యా, హనీమూన్‌కి ఏది బాగుంటదో నువ్వే చెప్పు."

ఈ ఇంట్లో నన్ను ఒక మాట అడిగి ఎన్నాళ్ళయిందో. మనవరాలికి సంబంధం చూసేటప్పుడు అడగలేదు. ఫిబ్రవరి 23కి ముహూర్తం పెట్టేటప్పుడు అడగలేదు. అడిగితే ఏమంటానో తెలుసు గనక. పెళ్ళికొడుకు సుబ్బరామయ్య మనవడు.

సుబ్బరామయ్య... పదేళ్ళు ఒకే స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీలు. హెడ్మాస్టరు పోస్టు నాకు రావలసిన నెలలోనే నా మీద ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. బడి పిల్లల చేత పొలం పని చేయిస్తున్నానట. నాకు పొలమే లేదు. విచారణ ముగిసేలోపు నన్ను మాచర్ల అవతల అడవి అంచుకు విసిరారు. ఆ కుర్చీలో సుబ్బరామయ్య కూర్చున్నాడు. ఉత్తరం అతనిదే. ఋజువు లేదు. అక్కర్లేదు.

జనవరి 22

అట్లాసు దించాను. అట్ట ఊడి చేతిలోకి వచ్చింది.

మాల్దీవులు — పగడపు దిబ్బలు. నేల మనిషి తలను దాటి లేవని చోట్లే ఎక్కువ. అలాంటి చోట కాపురం మొదలుపెట్టడం ఎందుకు? బాలి — అగ్నిపర్వతాలు, గుళ్ళు. బొమ్మలో ఉన్నంత ప్రశాంతంగా ఉండదు. మారిషస్ — కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లోకి కూలీలుగా పోయిన తెలుగువాళ్ళు. తెలుగు మాట చాలామందికి పోయిందట, ఉగాది మాత్రం పోలేదట. నేను చూడాలనుకున్న చోటు.

నలభై ఏళ్ళు హిందూ మహాసముద్రాన్ని సుద్దముక్కతో గీశాను. కాళ్ళు తడిసింది సూర్యలంక బీచిలో. రెండుసార్లు.

మారిషస్ అని చెప్పాను. సింధు మొహం వెలిగింది. నా మాటకు ఒక మొహం వెలగడం... అలవాటు లేని పని.

జనవరి 26, ఆదివారం

వాళ్ళు వచ్చారు, పెళ్ళి బట్టల మాటకి. పెళ్ళికొడుకు కార్తీక్, వాళ్ళమ్మా నాన్నా, సుబ్బరామయ్య. చెవిలో మిషను పెట్టాడు. ముసలివాడయ్యాడు. నాకంటే ముందు అయ్యాడు, అదొక తృప్తి.

కుర్రాడు మర్యాదస్తుడే. పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు చూసుకుంటాడు, గోళ్ళ సందుల్లో ఇంకా ఆ తెలుపు. కాళ్ళకు దణ్ణం పెట్టాడు. మారిషస్ మాట రాగానే తల తిప్పుకున్నాడు. అంత దూరం ఎందుకు, అండమాన్ మన దేశంలోనే ఉంది గదా అన్నాడు. తాతయ్య చెప్పాడంది సింధు.

సుబ్బరామయ్య నవ్వాడు. "ఏంది మాస్టారూ, మ్యాపులో చూసిన ఊళ్ళకి పిల్లల్ని తోలుతున్నావా?"

అందరూ నవ్వారు. నా కొడుకు శ్రీను గట్టిగా నవ్వాడు.

జనవరి 28

కార్తీక్ పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చాడట. ఏజెంటు దగ్గర ఆగిపోయిందట. మారిషస్ పోయింది. బాలి పోయింది. మాల్దీవులు పోయాయి. సింధు అన్నం సగంలో లేచింది.

జనవరి 30

పాస్‌పోర్టు అక్కర్లేనిది లక్షద్వీప్ ఉంది గదా అన్నాను. సింధు అక్కడికక్కడే ఫోన్ చేసింది. సరేనన్నాడట. మూడు రంగుల టోపీలు చూపించి ఏది బాగుందని అడిగింది. టోపీల గురించి నాకేం తెలుసు. పసుపు అన్నాను.

ఫిబ్రవరి 1

లక్షద్వీప్ కూడా వద్దన్నాడు. "అప్లికేషన్లూ అవీ చానా తిప్పట" అన్నాడట. ఏం అప్లికేషనో చూపించమన్నాను. చూపించింది. ఆ దీవుల్లో దిగాలంటే ముందు పర్మిట్ కావాలి. పర్మిట్‌కి మన ఊరి పోలీస్ స్టేషన్ కాగితం కావాలి — ఈ మనిషి మీద ఏమీ లేదని.

బద్ధకం తాతయ్యా అతనికి, అంది సింధు. ప్రేమగా అంది.

నలభై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దాను. పిల్లవాడికి ఏది రాదో రాసిన జవాబుల్లో కనపడదు. వదిలేసిన ప్రశ్నల్లో కనపడుతుంది. పోలీసు కాగితం కావలసిన ద్వీపాలన్నీ ఒక్కొక్కటే మునిగిపోయాయి. అండమాన్ ఒక్కటి తేలింది.

ఫిబ్రవరి 4, మంగళవారం

గురజాల వెళ్ళాను. ఇంట్లో కంటి డాక్టరని చెప్పాను. బస్సు పిడుగురాళ్ళ దాటేదాకా చొక్కా మీద సున్నం.

రసూల్ నా దగ్గర చదువుకున్నాడు, ఇప్పుడు కోర్టులో వకీలు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. కార్తీక్ పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాను. ఫోనులో చూశాడు. ఎంతోసేపు పట్టలేదు.

"ఏ-సెవెన్ మాస్టారూ. సెక్షన్ మూడు వందల ఏడు."

హత్యాయత్నం. ఏడో ముద్దాయి. రెండేళ్ళ కిందట వాళ్ళ ఊరి తిరునాళ్ళలో, ఎవరి ప్రభ బండి ముందు కదలాలని గొడవ. రెండు వైపులా రాళ్ళు. మిరప తోటల్లో కూలికి పోయే ఒకాయనకు కుడి కన్ను పోయింది. కేసు నడుస్తోంది. కోర్టు ఒప్పుకోనిదే పాస్‌పోర్టు రాదు.

ఏ-సెవెన్ అంటే మరీ కంగారుపడొద్దన్నాడు రసూల్. "మనవైపు కేసులో పేరెక్కటం ఎంతసేపు మాస్టారూ. మీకు తెలవనిదా?"

మామూలుగానే అన్నాడు. మామూలుగానే అని ఉంటాడు.

ఫిబ్రవరి 5

సంతోషం. ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. నిన్న తిరుగు బస్సులో నాకు కలిగింది సంతోషమే. ముప్పై రెండేళ్ళ తర్వాత సుబ్బరామయ్య పీక నా చేతికి దొరికింది. పెళ్ళి పందిట్లో లేచి నిలబడి చెబుతున్నట్టు, అతను చెవి మిషను సర్దుకుంటూ "ఏంది, ఏమంటున్నాడు" అని పక్కవాళ్ళను అడుగుతున్నట్టు ఊహించుకున్నాను. పిడుగురాళ్ళ వచ్చేదాకా.

పిడుగురాళ్ళ తర్వాత గుర్తొచ్చింది సింధు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఎప్పుడూ రాయలేదు. మాచర్ల అవతల నన్ను విసిరిన ఊళ్ళో చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక రోజు గొడ్డళ్ళు తిరిగాయి. మర్నాడు నలుగురు వచ్చి ఫిర్యాదు రాసిపెట్టమన్నారు. కొట్టింది ముగ్గురు. "ఇంకొన్ని పేర్లు ఎక్కించండి పంతులుగారూ, కేసు బలంగా ఉంటది." పదకొండు పేర్లు రాశాను. ముత్యాల్లాంటి దస్తూరి, ఎస్సై మెచ్చుకున్నాడట. వాళ్ళలో ఒకడు ఆ రోజు ఊళ్ళోనే లేడు. నాకు తెలుసు. ఆరేళ్ళు వాయిదాలకు తిరిగాడు. అతని కూతురికి కుదిరిన సంబంధం ఆ కేసు పేరు చెప్పే వదిలేసుకున్నారు.

అందుకని — కాగితంలో పేరుంటే రాయి వేసినట్టేనా?

ఫిబ్రవరి 7

శ్రీనుకు చెప్పాను. షాపు నుంచి భోజనానికి వచ్చినప్పుడు, కోడలు వంటింట్లో ఉండగా.

పెరుగు కలుపుకుంటూనే ఉన్నాడు. "తెలుసు నాన్నా."

తెలుసు! సంబంధం మాట్లాడేటప్పుడే వాళ్ళు చెప్పారట. కేసు లేని ఇల్లు ఈ పల్నాడులో ఏదో చూపించమన్నాడు. సాక్షులు ఎదురు తిరుగుతారు, ఏడాదిలో కొట్టేస్తారు, పెద్దమనుషులు మాట్లాడుతున్నారు... సింధుకు చెప్పావా అన్నాను. చెప్పలేదు. కొట్టేసే కేసు ఆ పిల్ల నెత్తిన ఎందుకు పెట్టాలి అన్నాడు.

ఆమె కాపురం, ఆమెకు చెప్పాలి అన్నాను. అప్పుడు చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"శుభలేఖలో నీ పేరు పక్కన ఎమ్మే వెయ్యలేదని నా పెళ్ళికి పందిట్లోకి రాలేదు నువ్వు. గుర్తుందా? ఇప్పుడు దీని పెళ్ళి. నోరు మూసుకో నాన్నా. నీకు దణ్ణం పెడతా."

నిజంగానే చేతులు జోడించాడు. అది తిట్టడం కంటే బాధగా ఉంది.

ఫిబ్రవరి 8

సింధు శుభలేఖ తెచ్చి ఇచ్చింది. ఈసారి ఎం.ఏ. ఉంది. బి.ఎడ్. కూడా.

ఫిబ్రవరి 9, ఆదివారం

నేను చెబితే నమ్మరు. వీధి చివర పాలవాడి దగ్గర నుంచి వియ్యంకుడి దాకా ఎవరి గురించీ నేను మంచి చెప్పలేదు. ఇప్పుడు నిజం చెప్పినా నా నోటి దురుసే అనుకుంటారు.

అందుకని కాగితం తీసుకున్నాను. ఎడమ చేత్తో మొదలుపెట్టాను. "చిరంజీవి సౌభాగ్యవతి సింధుకు..." కేసు నంబరు, కోర్టు, సెక్షన్. అరపేజీ వచ్చింది. కింద 'ఒక శ్రేయోభిలాషి' అని రాయబోయి ఆగాను.

నా మీద వెళ్ళిన ఉత్తరం కింద కూడా ఆ మాటే ఉంది.

చించాను. ముక్కలు ఎక్కడ పారేయాలో తెలియక అట్లాసులో పెట్టాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

కార్తీక్‌ని నేనే పిలిపించాను. పైన నా గదికి. ఏవో పుస్తకాలు ఇస్తానని చెప్పాను. పాపం, సంచీ తెచ్చుకున్నాడు.

ఏ-సెవెన్ అన్నాను. సంచీ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పేరు ఊరికే ఎక్కించారా అని నేనే దారి చూపించాను. అవునంటే ఎంత బాగుండేది. నాకూ బాగుండేది.

"లేదు తాతయ్యా. నేనక్కడే ఉన్నా. రాయి వేశా. అందరూ వేస్తున్నారు. దుమ్ములో ఏమీ కనపడలా." సంచీ మడత ఇంకోసారి నొక్కాడు. "ఆయన కంట్లో పడింది ఎవరిదో తెలవదు. నాదే అయ్యుండొచ్చు."

అబద్ధం చెప్పమని దాదాపు నోటికందించినా చెప్పలేదు. నా మొహం మీద రాయి పడ్డట్టుంది. సుబ్బరామయ్య ఇంట్లో ఇలాంటివాడు ఎలా పుట్టాడు?

సింధుకు ఎందుకు చెప్పలేదన్నాను. అండమాన్ పోయాక చెప్తాడట. అక్కడ ఇద్దరే ఉంటారు, తీరిగ్గా చెప్పొచ్చట. అందుకోసమే ఎక్కడికైనా తీసుకెళ్ళాలని పట్టుబట్టాడట.

"ద్వీపం అంటే ఏంటి? నాలుగు వైపులా నీళ్ళు. నువ్వు చెప్పాక ఆ పిల్ల లేచి ఎక్కడికి పోతుంది?"

ఆ సంగతి అతనికి తట్టలేదు. నిజంగానే తట్టలేదు, మొహంలో కనపడింది. పదిహేడో తేదీ లోపల చెప్పు, లేకపోతే నేను చెబుతాను అన్నాను. తలూపాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"పెళ్ళి ఆగిపోద్దా తాతయ్యా?"

నాకు తెలియదన్నాను. ఉత్త సంచీతో వెళ్ళాడు.

ఫిబ్రవరి 13

గమనిస్తున్నాను. సింధు పాడుకుంటూ బట్టలు సర్దుతోంది. చెప్పలేదు.

ఫిబ్రవరి 15

ఇవాళ గంట సేపు ఫోన్లో మాట్లాడింది. బాల్కనీలో, వెనక్కి తిరిగి. లోపలికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయనిపించింది. వెంటనే కోడలితో జాకెట్టు చేతులు పొట్టిగా కుట్టారని పోట్లాడింది. చెప్పాడా? జాకెట్టు కోసం ఏడ్చిందా? డెబ్బై ఎనిమిదేళ్ళకు కూడా ఆడపిల్ల మొహం చదవడం రాలేదు. భార్య ఉండగా అదే అనేది — పుస్తకాలు మాత్రమే చదువుతావు అని.

ఫిబ్రవరి 16

సుబ్బరామయ్య ఫోన్ చేశాడు. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి. చెవి వినపడక అరుస్తున్నాడు. పందిరి దగ్గర కుర్చీలు మనిద్దరికీ పక్కపక్కనే వేయిస్తున్నా మాస్టారూ, పాతవన్నీ వదిలేద్దాం అన్నాడు. పాతవన్నీ అంటే ఏవో చెప్పమన్నాను. వినపడలేదు. లేక వినపడనట్టు...

పెట్టేశాను.

ఫిబ్రవరి 17

గడువు. కార్తీక్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

తొమ్మిదింటికి సింధు పైకి వచ్చింది. అండమాన్ టికెట్లు తీశారట. ఇరవై ఆరున విజయవాడ నుంచి బయల్దేరతారు. చెప్పి వెళ్ళిపోబోయింది.

"కార్తీక్ నీకేమైనా చెప్పాడా?"

"ఏం చెప్పాలి?"

అన్నదే గాని, తలుపు దగ్గరగా వేసి వచ్చి మంచం మీద కూర్చుంది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పడానికి కూర్చున్నట్టు కాళ్ళు ముడుచుకుని.

"తాతయ్యా, నువ్వు ఏదో చెప్పబోతున్నావు. నాన్నకి తెలుసు, అమ్మకి తెలుసు, నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. నాకొకటి చెప్పు ముందు. సుబ్బరామయ్య తాత మీద కోపంతో చెబుతున్నావా, నాకోసం చెబుతున్నావా? నిజం చెప్పు. అది చెబితే మిగతాది వింటా."

నోరు తెరిచాను. నాలుక మీద మాటల కోసం ఎప్పుడూ వెతుక్కోనివాణ్ణి. ఒక్కటీ రాలేదు. ఆ పిల్ల ఓపిగ్గా కూర్చుంది. చివరికి లేచి, టైలర్ దగ్గరికి పోయి పదకొండుకి వస్తాను, ఈలోపు ఆలోచించుకోమంది. కోపంగా చెప్పలేదు.

అప్పటినుంచి రాసి చూస్తున్నాను.

నీకోసమే. — అబద్ధం కాదు. కానీ రాశాక చదివితే, దాని వెనకాల సుబ్బరామయ్య కుర్చీలోంచి కిందపడుతున్నాడు, నేను చూసి ఆనందిస్తున్నాను.

కోపంతోనే. — ఇదీ అబద్ధం కాదు. ఇలా చెబితే ఆమె మిగతాది విన్నా నమ్మదు. ఎనిమిది రోజుల తర్వాత సముద్రం మధ్యలో, పక్కన ఎవరూ లేనప్పుడు కార్తీక్ నోట వింటుంది.

రెండూ. — ఇది నిజం. కానీ ఏది ఎంత అని అడుగుతుంది. నా మనవరాలు గదా, అడగకుండా ఉండదు. ఆ కుర్రాడు నిజం చెప్పాడని కూడా చెప్పాలి. నేను పదకొండు పేర్లు రాసిన సంగతి చెప్పాలా? చెబితే అతని తప్పు తేలికవుతుంది. చెప్పకపోతే నేను తేలిగ్గా బయటపడతాను. ఆమెకు ఏది...

పదీ నలభై. కింద సింధు స్కూటీ ఆగింది.

పదకొండు అన్నది గదా.