వధువు, పన్నెండు ఈటెలు, సూపు

పార్లమెంటు కింది సభ గుమాస్తాల గది, వెస్ట్‌మిన్‌స్టర్
1642 జూన్ 6, సోమవారం

కాబోయే బావగారు ఆంబ్రోస్ పెట్టిఫర్ గారికి, ఓబద్యా త్వైట్ నమస్కరించి వ్రాయునది.

మేమంతా బాగున్నాం. మీరూ బాగానే ఉండివుంటారు. పొద్దున మీ తుమ్ము ఇక్కడికి వినిపించింది. నలభై అడుగుల దూరానికి ఉత్తరమేమిటని అనుకోకండి. సైన్యం రాజుగారిదా మనదా అన్న తగువు ముదిరినప్పటినుంచీ పై సభ గుమాస్తాలూ కింది సభ గుమాస్తాలూ నోటితో మాట్లాడుకోకూడదని మన పెద్ద గుమాస్తాలు కట్టడి చేశారు కదా. కాగితం మీదయితే ఫరవాలేదట.

అసలు సంగతి. మా నెహెమ్యాకీ మీ ఫిలిప్పాకీ చర్చిలో మూడు ఆదివారాలు చాటింపు అయిపోయింది. పెళ్లిళ్లు చేయకూడని వారాలు నిన్నటితో తీరాయి. ఇక తండ్రులం మనం ఊఁ అనడమే మిగిలింది. మా వాడి దళం ఇరవయ్యో తేదీ సోమవారం ఉత్తరాదికి కదులుతుంది. పెళ్లి ఆలోగా జరగాలి. యుద్ధానికి వెళ్లేవాడికి పెళ్లి వాయిదా వేయకూడదు.

నా షరతులు నాలుగే. ఉంగరం వద్దు, అది రోము పోపుగారి వేషం. పాదిరిగారు తెల్ల అంగీ వేసుకోకూడదు. రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల తూర్పు గోడ దగ్గర కటకటాల వెనక కాకుండా జనం మధ్యకి రావాలి. మా వాడి దళం నుంచి పన్నెండుగురు ఈటెలు పట్టుకుని దారికి అటూ ఇటూ నిలబడతారు. వాళ్లు నా ఆజ్ఞ ప్రకారం నడుస్తారు.

ఇంతే. నేను మొండివాణ్ని కాను.

మీ
ఓబద్యా

తా.క.: నెహెమ్యా షరతు కూడా అడిగాను. "ఫిలిప్పా రావాలి నాన్నా" అన్నాడు. అది షరతు కిందికి రాదు కాబట్టి రాయలేదు.


పై సభ గుమాస్తాల గది
జూన్ 7, మంగళవారం

బావగారికి ఆంబ్రోస్ ఆదరంతో వ్రాయునది.

మీ నాలుగు షరతులూ చదివి, పక్కన పెట్టి, ఈలు చేపల రొట్టె తిని, మళ్లీ చదివాను. రొట్టె తరవాత కూడా అవి అలాగే ఉన్నాయి.

ఉంగరం ఫిలిప్పా వాళ్లమ్మది. ఆవిడ పోయేముందు నా చేతిలో పెట్టింది. అది పిల్ల వేలికి ఎక్కాల్సిందే. తెల్ల అంగీ లేకపోతే మా పాదిరిగారికి ప్రార్థన గుర్తురాదు. కటకటాలు కుక్కలు లోపలికి రాకుండా పెట్టినవి. తీసేస్తే కుక్కలకి మీరు నచ్చజెప్పుకోవాలి. ఇక ఈటెలు. పిల్లనిచ్చేది నేను. పన్నెండు ఈటెల మధ్య నా కూతుర్ని ఇంకొకరి ఆజ్ఞ కింద నడిపించను. అవి వధువు తండ్రి చేతికింద ఉండాలి.

విందు సంగతి మీరు రాయలేదు. మన ఆచారం మీకు తెలిసిందే. రెండు సభలూ చిత్రాల గదిలో కలిసినప్పుడు పై సభవారు టోపీలు పెట్టుకుని కూర్చుంటారు. కింది సభవారు టోపీలు తీసి నిలబడతారు. దానికి బదులుగా కింది సభవారు మాకు రెట్టింపు మంది రావచ్చు. మనవాళ్ల విందూ అలాగే జరగడం మర్యాద. మేం ఇరవై మందిమి కూర్చుంటాం. మీరు నలభై మంది నిరభ్యంతరంగా నిలబడండి.

ఇట్లు
మీ ఆంబ్రోస్

తా.క.: నిలబడి తినేవాళ్లకి సూపు వడ్డించం. కూర్చున్నవాళ్ల మీద పడుతుంది.


కింది సభ
జూన్ 9, గురువారం

పెట్టిఫర్ గారికి,

మీ ఉత్తరం మా ఆవిడ తబితాకి చదివి వినిపించాను. అది నా తప్పు.

"నా కొడుకు పెళ్లిలో నేను నిలబడి తినాలా? ఈ మోకాళ్లతోనా?" అంది.

"ఆచారమటే" అన్నాను.

"ఆయన్ని టోపీ పెట్టుకునే కూర్చోమనండి. నేను ఆ టోపీ మీద కూర్చుంటాను."

ఈ మాట యథాతథంగా మీకు చేరవేయమంది. చేరవేశాను.

ఉంగరం విషయంలో కుక్కలూ ఈలు చేపలూ కలిపి నోటికొచ్చినట్లు రాయకండి. మీకేం కావాలో పద్ధతిగా, సవరణలుగా రాసి పంపండి. మనం గుమాస్తాలం, చేపల బజారు వాళ్లం కాదు.

ఓబద్యా త్వైట్

తా.క.: మా ఆవిడ బరువు మీకు తెలియదనుకుంటాను.


పై సభ
జూన్ 10, శుక్రవారం

బావగారూ,

కొంప మునిగింది.

మీరు చెప్పినట్టే పద్ధతిగా సవరణలు రాశాను. "ఉంగరం వద్దు అన్నచోట, ఉంగరం ఉండాలి అని చేర్చవలెను. పన్నెండు ఈటెలు వధువు తండ్రి ఆజ్ఞకు లోబడవలెను. నిలబడినవారికి సూపు లేదు." చేతి అలవాటు కొద్దీ సభవారి కాగితం మీదే, సభవారి అక్షరాల్లోనే రాసి ఆరబెట్టాను. మత సంస్కరణల కాగితాలూ సైన్యం కాగితాలూ అక్కడే ఉన్నాయి. అన్నీ కలిపి కట్ట కట్టాను. కట్ట బల్ల మీదికి వెళ్లింది. బల్ల మీదికొచ్చిన కాగితాన్ని మూడుసార్లు చదవకుండా దించడానికి వీల్లేదు.

చదివారు బావగారూ. ఎవరైనా నవ్వుతారేమో అని చూశాను. ఒక్కరూ నవ్వలేదు. 

"వధువు ఎవరు?" అన్నారు ఒక ప్రభువుగారు.

"క్రైస్తవ సంఘమే. లేఖనాల్లో వధువంటే ఇంకెవరున్నారు?" అన్నారు పక్కాయన.

"మరి వరుడు?"

"మన రాజ్యం."

"ఉంగరం?"

"బిషప్పుల అధికారం! ఎంత గంభీరంగా రాశాడయ్యా, ఎవడో గానీ!"

పన్నెండు ఈటెలంటే పన్నెండు జిల్లాల సైన్యమని తేల్చారు. సూపు దగ్గర మాత్రం సభ రెండుగా చీలింది. దేవుని కృప అని కొందరు, మందుగుండు అని కొందరు.

నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది. రేపు పొద్దున కాగితం మీ సభకి వస్తుంది. దయచేసి మీ దగ్గర పోగొట్టండి.

వణుకుతూ
ఆంబ్రోస్

తా.క.: సూపు దేవుని కృపే అని పదకొండు ఓట్ల ఆధిక్యంతో నెగ్గింది. కాబట్టి నిలబడినవాళ్లకి అది లేదు.


కింది సభ
జూన్ 13, సోమవారం

పై సభ రెండవ గుమాస్తాగారికి, కింది సభ రెండవ గుమాస్తా తెలియజేయునది.

పోగొట్టేవాణ్నే. కాగితం చేతికి రాగానే సొరుగు లాగాను కూడా. అప్పుడు ఆ వాక్యం కనబడింది: "ఈటెలు వధువు తండ్రి ఆజ్ఞకు లోబడవలెను." అప్పటికి మీ ఎత్తు అర్థమైంది. ఇంటి తగవులో నెగ్గలేక ప్రభువులందరినీ వెంటబెట్టుకొస్తారా? పొరపాటట, పొరపాటు! ఆరబెట్టి మరీ చేసే పొరపాటు నేనెక్కడా చూడలేదు.

మా సభలో ప్రభువులు లేరు గానీ నోళ్లు ఎక్కువ. నేనే కాగితం తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

"వధువు తండ్రి అంటే రాజుగారే! సైన్యం ఆయన చేతికా? చచ్చినా ఇవ్వం!" అని వెనక వరసలోంచి ఒకాయన బల్ల గుద్దాడు. మీ సవరణలన్నీ కొట్టేశారు. ఒకటి కొత్తగా చేర్చాం: "వరుని తల్లికి కుర్చీ వేయవలెను." అది రాసింది నేనని ఒప్పుకుంటాను. వరుని తల్లి అంటే లండన్ నగరమని సభవారు తేల్చుకున్నారు. నగరానికి కుర్చీ వేయాలని ఏకగ్రీవంగా తీర్మానం.

ఓ. త్వైట్

తా.క.: నెహెమ్యా అడిగాడు: "నాన్నా, వరుడు రాజ్యమైతే మరి సోమవారం చెప్పులరిగేలా నడవాల్సింది ఎవరు?"


పై సభ
జూన్ 15, బుధవారం

కింది సభ రెండవ గుమాస్తాగారికి,

నేను కుట్ర చేశానన్నారు. నా జన్మలో నేను చేసిన పెద్ద కుట్ర క్రిస్మసుకి ముందే కేకు తినడం.

మా సభ మీ సభతో ఒప్పుకోలేదు. మీ సభ మా సభతో ఒప్పుకోలేదని మీకు తెలుసు. కాబట్టి రేపు గురువారం రెండు సభల ప్రతినిధులూ చిత్రాల గదిలో కలుస్తారు. తేలకపోతే మళ్లీ శనివారం పొద్దున పది గంటలకి. రెండుసార్లూ మీరూ నేనూ అక్కడుండి రాసుకోవాలి.

శనివారమే ఆఖరి రోజని గుర్తుందా? ఆదివారం పెళ్లి మీ మతం ఒప్పుకోదు. పెళ్లి మధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టేలోపు జరగాలని మా మతం.

ఆంబ్రోస్ పెట్టిఫర్

తా.క.: ఫిలిప్పా ఏడవలేదు. నాకదే భయంగా ఉంది. పొద్దున గంజి వడ్డిస్తూ "నాన్నా, వధువుకి సభలో మాట్లాడే హక్కుందా?" అంది. పూర్వాచారాలన్నీ వెతికాను. లేదు.


కింది సభ
జూన్ 17, శుక్రవారం పొద్దున

ఆంబ్రోస్ గారికి,

నిన్న చిత్రాల గదిలో నాలుగు గంటలు నిలబడ్డాను. మీరు కూర్చుని రాశారు. నేను ముందున్న సభ్యుడి వీపు మీద కాగితం పెట్టి రాశాను. ఆయన ప్రతి మాటకీ తల ఊపే మనిషి. నిన్నటి కాగితంలో వంకర అక్షరాలు అందుకే, కోపంతో కాదు.

మొత్తానికి ఒక వాక్యం తేలింది: "వధూవరుల పరస్పర సమ్మతి చాలు, ఏ తండ్రియు అడ్డు రాకూడదు." తండ్రి అంటే పోపుగారని మీ ప్రభువులు సంతోషించారు. తండ్రి అంటే రాజుగారని మా వాళ్లు సంతోషించారు. మూడు నెలల్లో రెండు సభలూ ఒప్పుకున్న మొట్టమొదటి వాక్యం ఇదే! ముసలి సభ్యులు కౌగలించుకున్నారు. వెంటనే చర్చి గుమ్మాలన్నిటికీ అంటించమన్నారు. ముప్పై ప్రతులకి సంతకాలు పెట్టేసరికి మీ వేళ్లూ నా వేళ్లూ చచ్చుబడ్డాయి. ఈటెలూ, సూపూ మాత్రం శనివారానికి మిగిలాయి.

సాయంత్రం ఇంటికెళితే నెహెమ్యా మూట కట్టుకుంటున్నాడు. పెళ్లికని వాళ్లమ్మ కుట్టిన చొక్కా అడుగున పెట్టాడు.

"అదెందుకురా?"

"ఉత్తరాదిలో చలట నాన్నా" అన్నాడు.

బావగారూ, ఉంగరం ఉండనివ్వండి. తెల్ల అంగీ కూడా. ఆరు ఈటెలు మీవి, ఆరు నావి. ఇంక నా దగ్గర షరతుల్లేవు.

మీ
ఓబద్యా

తా.క.: కుక్కలకి నేను నచ్చజెపుతాను.


పై సభ
జూన్ 17, శుక్రవారం మధ్యాహ్నం

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం చదివి కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను. బల్ల జనం మధ్యకే రానివ్వండి. పన్నెండు ఈటెలూ మీవే. తబితమ్మగారికి నా కుర్చీ, కావాలంటే నా టోపీ కూడా.

కానీ ఏం లాభం? తగువు మన చేతుల్లో లేదు. మా పెద్ద గుమాస్తా దగ్గరికి వెళ్లి శనివారం సెలవు అడిగాను.

"ఎందుకయ్యా?"

"మా అమ్మాయి పెళ్లండి."

"రాజ్యం పెళ్లి ఇక్కడ తేలకుండా ఉంటే, నీకు ఇంట్లో పెళ్లా?" అన్నాడు.

మీకూ ఇదే జవాబు వచ్చుంటుంది. తండ్రులం మనం వెళ్లి ఒప్పుకున్నామని చెప్పకపోతే పాదిరిగారు పుస్తకం తెరవరు. రేపు పది నుంచి పన్నెండు దాకా మనిద్దరం సూపు గురించి రాస్తూ ఉంటాం. పన్నెండు కొడుతుంది. సోమవారం వస్తుంది. ఈ సంగతి ఫిలిప్పాకి చెప్పాను. "సరే నాన్నా" అని మాత్రం అంది.

మీ
ఆంబ్రోస్

తా.క.: రేపు నా వీపు వాడుకోండి. నేను తల ఊపను.


చిత్రాల గది గుమ్మం బయట
జూన్ 18, శనివారం, పన్నెండున్నర

నాన్నగారికి, మామగారికి, ఫిలిప్పా నమస్కరించి వ్రాయునది.

లోపలికి రాబోతే తలుపు దగ్గర బంట్రోతు ఆపాడు. "సూపు మీద చర్చమ్మా, కదిలించకూడదు" అన్నాడు. అందుకని రాస్తున్నాను. ఇద్దరికీ ఒకే కాగితం. ఒకరు చదివి ఒకరికివ్వండి.

పదకొండింటికి నేనూ, నెహెమ్యా, అత్తయ్యా చర్చికి వెళ్లాం. పాదిరిగారు గుమ్మానికి అంటించిన కాగితం వేలితో చదువుతున్నారు.

"ఏమమ్మా, వధూవరులు సమ్మతిస్తే చాలట, ఏ తండ్రీ అడ్డు రాకూడదట. నిజమేనా?"

"రెండు సభల మాటండీ" అన్నాను.

"ఆంబ్రోస్ పెట్టిఫర్. ఇది మీ నాన్నగారి సంతకం కాదూ?"

"అవునండీ."

"ఓబద్యా త్వైట్... ఒరేయ్ నెహెమ్యా, మీ నాన్నే!"

"ఆయనేనండీ" అన్నాడు నెహెమ్యా.

"ఇద్దరు తండ్రులూ రాసి, సంతకం పెట్టి, నా తలుపుకే అంటించాక ఇంకా బయట నిలబడ్డారేం? రండి రండి, గంట కొట్టేస్తుంది!" అన్నారు.

పెళ్లయింది నాన్నా. అప్పటికి పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది.

మామగారూ, ఉంగరం తొడిగాడు, కానీ పాదిరిగారు తుమ్ముతున్నప్పుడు. ఆయన చూడలేదు కాబట్టి మీ మతానికి ఏమీ కాలేదనుకుంటాను. తెల్ల అంగీ ఉతుకుడులో ఉంది. ప్రార్థన సగం మరిచిపోయారు. మిగతా సగం అత్తయ్య అందించింది. ప్రభువు బల్ల ఎక్కడుందో నాకు తెలియదు. నేను అటు చూడలేదు. ఈటెలవాళ్లు పన్నెండుగురూ వచ్చారు. ఎవరి ఆజ్ఞా లేక దిక్కులు చూస్తుంటే అత్తయ్య "నిటారుగా నిలబడండిరా!" అంది. అందరూ నిలబడ్డారు. సైన్యం ఎవరి చేతికింద ఉండాలో లోపల ఇంకా తేలకపోతే ఈ మాట చెప్పండి.

మీ ఇద్దరి మీదా నాకు కోపం లేదు. అంత ప్రయాసపడి మా పెళ్లిని చట్టం చేసినందుకు కృతజ్ఞతలు.

మీ
ఫిలిప్పా త్వైట్
(ఈ ఇంటిపేరు మొదటిసారి రాశాను. సిరా కొంచెం ఒలికింది.)

తా.క.: ఆయన సోమవారం తెల్లవారగానే వెళ్లాలి. అంటే మాకు ఇంకా ఒకటిన్నర రోజు ఉంది. మీకేమైనా చెప్పాలనిపిస్తే దయచేసి మా గది తలుపు తట్టకండి. ఉత్తరం రాయండి. మంగళవారం చదువుకుంటాను. మంగళవారం నుంచి ఎన్ని రాసినా చదువుకుంటాను.