ఎండుచేపల పక్కన తిత్తి

1988 మే 28, సోహ్రా

కిట్‌బోక్ మామ కంటి ఆపరేషన్‌కి షిల్లాంగ్ వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ తన చెక్క కెమెరా నా చేతిలో పెట్టాడు. వానలు వెలిసేదాకా ఎలాగూ ఫోటోలు ఉండవు. లెన్స్ గురించి, చెక్క గురించి బెంగ లేదట. బెంగంతా మధ్యలో మడతలు మడతలుగా ఉండే తోలు తిత్తి గురించే. దానికి బూజు పట్టి చిల్లి పడితే వెలుగు దూరి ఫోటో పాడవుతుంది. అక్టోబర్‌కి తిత్తి బాగుంటే కెమెరా నాది, స్టూడియో కూడా నాదే. లేదంటే అలంకారానికి కావాలని అడుగుతున్న ఒక హోటలాయనకి అమ్మేస్తాడు.

పూలకుండీ పక్కన నిలబెడతారు కాబోలు. చచ్చినా ఇవ్వను.

మే 29

కెమెరా నుంచి తిత్తి విప్పి, గట్టిగా మడిచి, బొగ్గు ముక్కలతో ట్రంకులో పెట్టాను. మామ పెట్టే పద్ధతే.

జూన్ 17

పదకొండు రోజులుగా ఒకటే వాన.

జూన్ 18

ట్రంకు తెరిచాను. మడతల నిండా తెల్లటి బూజు. ఏడుపొచ్చింది. టూత్‌బ్రష్ తెచ్చి కసిగా రుద్దాను. అమ్మమ్మ వక్క నములుతూ వచ్చి, దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలీదా అంది. నీ సలహాలు నాకొద్దు అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

జూన్ 21

ట్రంకులో తిత్తి లేదు. ఇల్లంతా గాలించాను. వంటింట్లో పొయ్యి పైన వేలాడే రెండు అరల వెదురు తడికె మీద, ఎండుచేపల పక్కన, పాత పేపర్లో చుట్టి ఉంది. అమ్మమ్మ నిర్వాకం. దించమని గొంతు చించుకున్నాను. ఆవిడ కదిలితేగా.

"ఆ చేపలకి ఎప్పుడైనా బూజు పట్టిందటే దాఫీ? నోరు మూసుకుని టీ తాగు," అంది.

ఆవిడతో ఇక మాట్లాడను.

జూన్ 30

మాట్లాడాను. బూజు లేదు.

జూలై 12

సంత రోజు వచ్చినప్పుడల్లా తిత్తిని దించుతున్నాను. మెల్లగా సాగదీసి, కాసేపు గాలి ఆడనిచ్చి, కాస్త వదులుగా మడిచి మళ్ళీ పైకి. పొగ తగలాలి గానీ సెగ తగలకూడదు, అందుకని పై అరలోకి మార్చాను. నేను దించడం మర్చిపోతే అమ్మమ్మే గుర్తుచేస్తోంది. తిట్టుకుంటూ అనుకోండి.

ఆగస్టు 5

గది చీకటి చేసి, తిత్తిలో టార్చి పెట్టి చూశాను. మడత మూలల్లో రెండు వెలుగు చుక్కలు. సరిగ్గా నేను బ్రష్‌తో రుద్దిన చోట. పొయ్యిది కాదు తప్పు, నాదే. టైర్ల షాపులో పంక్చర్ సొల్యూషన్ కొని, పాత గొడుగు గుడ్డ ముక్కలు అతికించాను. మామకి చెప్పాలా?

అక్టోబర్ 16

మామ వచ్చాడు. వెంట ఆ హోటలాయన. అడక్కముందే చెప్పేశాను, రెండు చిల్లులు పడ్డాయి, నా వల్లే పడ్డాయి అని.

మామ తిత్తిని కిటికీకేసి ఎత్తి చూశాడు. మడతలన్నీ తడిమాడు. అతుకుల దగ్గర వేలు ఆగింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చాడు.

"దీన్ని పొయ్యి మీద ఎవరు పెట్టారు?"

అమ్మమ్మని చూపించాను. మామ పీట మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. కెమెరా తాతయ్య చేతిలో ఉన్నన్నాళ్ళూ తిత్తి ఆ తడికె మీదే ఉండేదట, ఇరవై ఏళ్ళలో ఒక్క చిల్లీ పడలేదట. ఫోటోకొచ్చిన స్కూలు పిల్లలు ఎండుచేపల కంపు అని ముక్కులు మూసుకుంటే సిగ్గేసి ట్రంకులోకి మార్చింది మామే. అప్పటినుంచి రెండు తిత్తులు పోయాయి. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, నన్నెవరు అడిగారు అంది అమ్మమ్మ.

"అతుకు బాగా కుదిరింది. ఇక నీదేనే," అన్నాడు మామ.

హోటలాయన టీ తాగి ఖాళీ చేతులతో వెళ్ళాడు.

నవంబర్ 8

స్కూలు గ్రూప్ ఫోటో తీశాను. అంతకుముందు నలభై మంది పిల్లలూ కెమెరా మీద కప్పే నల్లగుడ్డ కింద తల దూర్చి చూస్తామని వరస కట్టారు. ఇద్దరు ముక్కు మూసుకున్నారు. మిగతావాళ్ళకి ఆకలేసిందట.