నలభై ఏడు కుర్చీలు

చిరంజీవి పొకువాకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను. ఉత్తరమన్నాక ఇలాగే మొదలుపెట్టాలి కనుక రాశాను. అందులో నిజమెంతో చివర చెబుతాను. ఒక సంగతి నీకు చెప్పొద్దని పెద్దలు నా నోరు కట్టేశారు, అయినా చెప్పబోతున్నాను. అప్పటిదాకా తివా పిన్నిని ఏమీ అడగకు. ఈ ఉత్తరం తానే తెచ్చి నీ చేతికిస్తానంది, చదివినంతసేపూ నీ పక్కనే కూర్చుంటానంది.

షిటో కారం అయిపోయిందని రాశావు. పిన్ని సంచిలో రెండు సీసాలున్నాయి, కర్రపెండలం గరి పొడి కూడా ఉంది. హాస్టలంతటికీ పంచిపెట్టి మళ్లీ లేదని రాయకు. మేక ఈనింది. పిల్లల్లో నల్లది అప్పుడే మన షామియానా తాళ్లు నమలడం మొదలుపెట్టింది. అమ్మ ఒక్క ముక్కైనా రాయలేదేమని అడిగావు. ఆ మాటకీ వస్తాను, కాస్త ఓపిక పట్టు.

ప్రధాన సంఖ్య అంటే ఏమిటో చెప్పమన్నావు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోనిది అని చిలకలా అప్పజెప్పగలవు గానీ బుర్రకెక్కలేదన్నావు. పోయిన శనివారం దాకా నాకూ ఎక్కలేదు. ఇన్నేళ్లు మాంపాంగ్‌లో ప్రతి ఇంటి కార్యానికీ కుర్చీలు అద్దెకిచ్చి, నా చేతులతోనే వరసలు వేసి, ఏనాడూ ఆలోచించినవాణ్ణి కాదు.

శనివారం పొద్దున్నే మన ఇంటి ముందే వేయాల్సి వచ్చింది. మన దగ్గర మంచి కుర్చీలు నలభై ఎనిమిది. మెతక సంఖ్య అది, ఎలా వేస్తే అలా ఒదుగుతుంది. నాలుగు వరసలన్నా సరే, ఆరన్నా సరే, ఎనిమిదన్నా సరే. ఆ రోజు వాటిలో ఒకటి విడిగా తీసి పెట్టాలి. ఎవరికో తర్వాత చెబుతాను. మిగిలినవి నలభై ఏడు. నా చాదస్తం నీకు తెలిసిందే, చివరి వరస బోసిగా ఉంటే నాకు ముద్ద దిగదు.

రెండు వరసలు వేశాను, ఒకటి మిగిలింది. మూడు వేస్తే రెండు మిగిలాయి. నాలుగు వేయబోయి ఆగాను. రెండు సమభాగాలే కానిది నాలుగెలా అవుతుంది? అలాగే ఆరూ వద్దనుకున్నాను. ఐదు వేస్తే మళ్లీ రెండు మిగిలాయి. ఏడు వరసలకు ఐదు మిగిలాయి. ఇక పైకి పోనక్కర్లేదు. వరసలు ఏడు దాటితే ఒక్కో వరసలో ఏడు కుర్చీలైనా ఉండవు, రెండు నుంచి ఆరు దాకా లెక్కలన్నీ అప్పటికే తప్పాయి. ఇదంతా నేను తెలివిగా చేశాననుకోకు. చేతులు వాటంతటవే లాగుతున్నాయి, నేను చూస్తున్నాను.

పిన్ని వచ్చింది. "బావా, జనం వచ్చి నిలబడ్డారు. ఏం చేస్తున్నావు?"

"ఇవి కూర్చోవడం లేదు."

"కుర్చీలెక్కడన్నా కూర్చుంటాయా? కూర్చునేది మనుషులు. ఉండు, పక్కింట్లోంచి ఇంకోటి తెస్తా, సరిపోద్ది."

"వద్దు. అప్పుడిది నలభై ఏడు కాదు."

పిన్ని నా ముఖంలోకి చూసింది. ఒక కుర్చీ ఎత్తి గోడ పక్కన పెట్టింది, దాని పక్కన ఇంకోటి. నేనూ అందుకున్నాను. మన గుమ్మం నుంచి కొబ్బరికాయల కొట్టు దాకా ఒకటే వరస అయింది. ఏదీ మిగల్లేదు.

మీ అమ్మ మేనమామ అమంక్వా తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "ముందు వరస ఏదల్లుడూ?"

"ఇదే మామా."

"మరి వెనక వరస?"

"అదీ ఇదే."

"పెద్దా చిన్నా లేకుండా అందరం ఒకే చూరు కింద కోళ్లలా కూర్చోవాలా?" అని సణుక్కుంటూనే కూర్చున్నాడు.

ప్రధాన సంఖ్య అంటే అంతేనమ్మా. దానికి తెలిసింది ఒంటి వరస ఒక్కటే. సమంగా విడగొట్టబోతే ఎక్కడో ఒకచోట మిగులుతుంది. యాభై ఒకటి బేసిగా, మొండిగా కనబడింది కాబట్టి ప్రధానమని రాసి మార్కులు పోగొట్టుకున్నావు. అది మూడు వరసల్లో పదిహేడేసి చొప్పున బుద్ధిగా కూర్చుంటుంది. ముఖం చూసి చెప్పలేం, వేసి చూడాలి. ఒకటి ఎందుకు ప్రధానం కాదని కూడా అడిగావు. అది నాకు చెప్పడం రాదు, మీ మాస్టారిని అడుగు.

ఆ కుర్చీలు ఎందుకు వేశారని అడుగుతావు. పొకువా, పిన్ని చెయ్యి పట్టుకో. అమ్మ పోయింది. బజారు నుంచి వచ్చి తల నొప్పిగా ఉందని పడుకుంది, మళ్లీ లేవలేదు. శనివారం జరిగింది అమ్మ వారం దినం, పోయిన వారానికి అందరూ వచ్చి కూర్చునే రోజు. విడిగా తీసిన కుర్చీ నాది. భార్య పోయినవాడు పక్కకు కూర్చోవాలి.

"పిల్ల మా ఇంటి పిల్ల. పరీక్ష అయ్యాక మేం చెబుతాం, నువ్వు నోరు మెదపకు" అన్నాడు అమంక్వా తాత. మనలో బిడ్డలు తల్లి వైపు వాళ్లే కదా, తండ్రి మాట చెల్లదు. అందుకే మొన్నటి ఉత్తరంలో అమ్మ నిన్ను వేళకు తినమందని రాశాను. అప్పటికే అమ్మ లేదు. తను అనే మాటే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మ ఎందుకు రాయలేదని నువ్వు అడిగాక ఇంకో అబద్ధానికి నా చెయ్యి రాలేదు. నువ్వు చివరి పరీక్ష రాసి నవ్వుతూ బయటికి వస్తే, గేటు దగ్గర పెద్దాయన నిలబడి చెప్పాలట. ఆ నవ్వు నీకు జన్మంతా గుచ్చుకుంటుంది. నేను ఒప్పుకోలేకపోయాను. ఆయన కోపం సంగతి నేను చూసుకుంటాను.

సోమవారం నుంచి పరీక్షలు. రాస్తావో, పిన్నితో బస్సెక్కి వచ్చేస్తావో నీ ఇష్టం. రాసినా అమ్మను చూడకుండా పోవు. ఖననానికి ఇంకా తేదీ పెట్టలేదు, అమ్మ ఆస్పత్రి చల్లగదిలోనే ఉంది.

నేనెలా ఉన్నానంటే, తింటున్నాను, పడుకుంటున్నాను, కుర్చీలు కడుగుతున్నాను. అందరూ ఏడ్చారు, అమంక్వా తాత కూడా ఏడ్చాడు. నాకే రావడం లేదు. గట్టి గుండె అంటున్నారు ఊళ్లో. గట్టిదేం కాదమ్మా, తిమ్మిరెక్కింది. నువ్వొచ్చాక ముందు నువ్వు ఏడువు. నిన్ను చూస్తే నాకూ వస్తుందేమో.

ఇట్లు,
మీ నాన్న
ఒపొకు