సైకిల్ దొరికిన చోటు

జూలై 22, మంగళవారం

పొద్దున జంతువుల పార్కు, మధ్యాహ్నం క్రిస్మస్ తాత ఊరు. పిల్లల కోసం మా అమ్మాయి యోహన్నా వేసిన ప్రయాణం ఇది. కూతురూ అల్లుడూ ముందు సీట్లో కూర్చుని నన్నూ నా భార్య ఇర్మానూ క్యారవాన్‌లో సామానుతో పాటు ధ్రువం దగ్గరి మా ఉత్తరాదంతా తిప్పుతున్నారు.

పార్కులో తెల్ల ఎలుగుబంటి ఒకే దారిలో పోతూ వస్తూ ఉంది. దానికి ఇల్లెటో తెలియదా తాతా అని చిన్న మనవరాలు అడిగింది. యోబు గ్రంథం నుంచి మొదలుపెట్టి జవాబు చెప్పాను. మధ్యలో ఐస్‌క్రీమ్ అడిగింది.

క్రిస్మస్ తాత ఊళ్లో నా నోరు ఆగలేదు. ఎలా ఆగుతుంది? నడి వేసవిలో ఎర్రకోటు, గడ్డం, వాడి పక్కన నిలబడి ఫోటో దిగడానికి లోకమంతా వరుస. ఆ వరుస ముందు నిలబడి బంగారు దూడకు మొక్కినవాళ్ల మీద ప్రసంగం ఎత్తుకున్నాను. లారీ తోలి బతికిన బోధకుణ్ణి, పెద్ద చదువు లేదు, వాక్యం ఉంది. మైకు నాకెప్పుడూ అక్కరలేదు. పరదేశులు నన్ను కూడా ఫోటో తీసుకున్నారు. యోహన్నా తల దించుకుంది. మనవరాలు ఏడ్చింది.

క్యారవాన్‌లోకి వచ్చాక ఇర్మా అన్నది: "నువ్వు మొదలుపెడితే దేవుడికి కూడా సందు దొరకదు, ఎస్కో."

ఆ మాట మింగుడు పడలేదు. కోపం ఉండగా పొద్దు గుంకకూడదని పౌలు రాశాడు. ఈ కాలంలో ఇక్కడ సూర్యుడు అర్ధరాత్రి దాకా దిగడు. ఇంకా టైముంది అనుకుంటూ నిద్రపోయాను.

జూలై 23, బుధవారం, ఉదయం

సరస్సు ఒడ్డున క్యాంపు. ఇర్మా పుట్టిన పల్లె దగ్గరలోనే. క్యాంపు వాళ్ల సైకిల్ తీసుకుని, బకెట్ తగిలించుకుని హిల్లా పళ్ళకు వెళ్లిపోయింది. ఊబినేలల్లో ఆ బంగారు పళ్ళు పండాయంటే మా ఆడవాళ్లను గొలుసులతో కట్టినా ఆపలేం.

ఏ ఊబికో నాకు తెలియదు. వాళ్ల నాన్న చూపించిన చోటు. ఇన్నేళ్ల కాపురంలో నాకు చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. మా వైపు అంతే. బ్యాంకులో ఎంతుందో చెబుతారు గాని హిల్లా చోటు చెప్పరు.

వెళ్లేముందు నా మంచం దగ్గర నిలబడింది. మా విశ్వాసుల ఇళ్లలో గడప దాటేవాళ్లు క్షమాపణ అడగాలి, ఇంట్లో ఉన్నవాళ్లు "యేసు నామంలో, ఆయన రక్తంలో నీ పాపాలన్నీ క్షమించబడ్డాయి, నమ్ము" అని చెప్పాలి. పెళ్లి అయిన మర్నాటి నుంచి మేమిద్దరం అది తప్పలేదు. ఈ ఉదయం నాకు మెలకువ వచ్చే ఉంది. కళ్లు తెరవలేదు. ఆమె కాసేపు చూసి, తలుపు మెల్లగా వేసి వెళ్లింది.

సాయంత్రం రానీ. అప్పుడు చెబుతాను.

అదే రోజు, సాయంత్రం

రాలేదు. ఫోన్ ఛార్జింగ్‌లోనే ఉంది. మరిచిపోయి ఉంటుందని అల్లుడు అన్నాడు. ఇర్మా ఏదీ మరిచిపోయే మనిషి కాదు.

అదే రోజు, రాత్రి పది గంటలు

ఎమర్జెన్సీకి ఫోన్ చేశారు. సూర్యుడు సరస్సు మీదకు వంగుతున్నాడు. చూడలేక తెర వేశాను.

జూలై 24, గురువారం

తెల్లవారక ముందే వాన. తారురోడ్డు పక్క పొదల్లో సైకిల్ దొరికింది. పడిపోయి లేదు. చెట్టుకు ఆనించి, తాళం వేసి, పైన కొమ్మలు కప్పి ఉంది. బకెట్ లేదు. కుక్కను తెచ్చారు. అది రోడ్డు దాకా వచ్చి, వానలో ముక్కు ఎత్తి, కూర్చుండిపోయింది.

సైకిల్ ఉన్న వైపు అడవిని గళ్లు గళ్లుగా పంచుకుని వెతికారు. పసుపు చొక్కాల వాళ్లు, పక్క ఊళ్ల నుంచి పని మానుకుని వచ్చినవాళ్లు. పైన హెలికాప్టర్. నన్ను క్యాంపులో ఉండమన్నారు. ఉండలేదు. రబ్బరు బూట్లు తొడుక్కుని వరుసలో నిలబడ్డాను. నా గొంతు మందిరం గోడలు దాటి పశువుల కొట్టాల దాకా వినిపిస్తుందని పేరు. ఇర్మా, ఇర్మా అని ఆ గొంతంతా అడవికి పోశాను. అడవి ఒక్క చుక్క తిరిగి ఇవ్వలేదు.

మధ్యాహ్నం వరుసలో ఒకడు చెయ్యెత్తాడు. అందరం ఆగాం. నాచు మీద ఎలుగు పెంట, తాజాది, నిండా హిల్లా గింజలు. ఎలుగు మనిషిని చూస్తే తప్పుకునే పోతుందని నాయకుడు అన్నాడు. అతని పేరు కారి, ఈ వైపు కుర్రాడే, చదువుకున్నవాడిలా నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ మాట యోహన్నాకు చెప్పాడు గాని నా మొహం చూడలేదు. నేను వరుస వదిలి ఒక చెట్టును పట్టుకున్నాను. భయపడకుడి అనే వాక్యం మీద నేను ఎన్ని ఊళ్లలో మాట్లాడానో దేవుడికే లెక్క.

సాయంత్రం బైబిలు తెరిచాను. కాలు నిలవని ఊబిలో దిగిపోతున్నానని దావీదు మొరపెట్టే కీర్తన పడింది. అరిచి అరిచి గొంతు ఎండిపోయిందని కూడా అక్కడే ఉంది. మూసేశాను. ఆ పుస్తకాన్ని భయపడి మూయడం ఇదే మొదలు.

బతికుందో లేదో అన్నది ఒక భయం. దాని అడుగున ఇంకొకటి ఉంది. ఆమె చివరిగా చూసింది కళ్లు మూసుకున్న నన్ను.

జూలై 25, శుక్రవారం, ఉదయం

నా గొంతు పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు.

అదే రోజు, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున టాక్సీలో ఎయిలా దిగింది. ఇర్మాకు అక్క. ఎప్పుడో విశ్వాసం వదిలేసి పట్నంలో ఒంటరిగా ఉంటోంది. నేనున్న ఇల్లనేమో, ఆమె మా ఇంటికి వచ్చి చాలా ఏళ్లయింది. రేడియో వార్తల్లో విన్నదట. ఈ మధ్యే మోకాలికి ఆపరేషన్ అయింది, చేతిలో కర్ర, నోట్లో సిగరెట్. వదినా అని పిలవబోయాను. గాలి వచ్చింది.

ఆమె నన్ను పలకరించలేదు. సైకిల్ ఎక్కడ దొరికిందని కారిని అడిగింది. తీసుకెళ్లి చూపించాడు, నేనూ యోహన్నా వెంట వెళ్లాం. కొమ్మలు కప్పిన పొద వైపు చూసింది. సిగరెట్ వేళ్లలోంచి జారి తడి నేల మీద ఆరిపోయింది.

"సైకిల్ ఇక్కడుందా? అయితే మా చెల్లెలు ఇక్కడ లేదు, బోధకుడా. మా నాన్న మాకు ఇలాగే నేర్పాడు. చోటు దాటి ముందుకు పో, రోడ్డుకు అవతల పక్క దాచు, వెనక్కి నడిచి రా అని. వెంటపడేవాళ్లు తప్పుదారి పట్టాలి కదా."

రెండు రోజులుగా మేమంతా ఇర్మా మమ్మల్ని వెతకమన్న చోటే వెతుకుతున్నాం.

అప్పుడు ఎయిలా మొహం మారింది. ఒక ఏడాది అక్కది, ఒక ఏడాది చెల్లెలిది అని వాళ్ల నాన్న ఊబిని పంచి పోయాడట. ఈ ఏడాది తనది. "నా ఏడాదిలో దొంగతనానికొచ్చిందా మా చెల్లెమ్మ" అని, ఆ వెంటనే నేను రాయలేని మాట ఒకటి అని, కర్ర పొడుచుకుంటూ రోడ్డు దాటింది. ఇద్దరు చాలు, ఫోన్లు తేవద్దు అన్నది. కారి ఈ వైపు వాడు కదా, ఒక్క ప్రశ్న వేయలేదు. ఫోన్ యోహన్నా చేతిలో పెట్టి వాకీటాకీ మాత్రం ఉంచుకున్నాడు. రెండోవాణ్ణి నేను. దారి గుర్తుపెట్టుకోకుండా నన్ను తల దించుకుని నడవమంది.

తల దించుకునే నడిచాను. నా బూట్లూ, వాటి చుట్టూ ఉబికే గోధుమరంగు నీళ్లూ తప్ప ఏమీ చూడలేదు. అడుగు వేస్తే నేలంతా పరుపులా ఊగుతోంది. ఎయిలా మోకాలు మడతపడినప్పుడల్లా పళ్ళ మధ్య నుంచి శబ్దం వచ్చేది, నడక ఆగేది కాదు. ఒక చోట బూటు పక్కన నల్లగా ఏదో కనిపించి వంగి తాకాను. నీళ్లలో తేలుతున్న మొద్దు.

పిలవమని కారి సైగ చేశాడు. నోరు తెరిచాను. పిట్టకు కూడా వినిపించదు. అప్పుడు ఎయిలా చేతులు నోటి చుట్టూ పెట్టి చిన్నప్పుడు ఆవులను ఇంటికి పిలిచిన పిలుపు పిలిచింది. సన్నగా, పొడుగ్గా. ఆగి విన్నాం. మళ్లీ పిలిచింది.

టక్. టక్. బకెట్ మీద ఎవరో కొడుతున్నారు.

ఊబి అంచున పాత గడ్డి కొట్టం ఉంది. ఇర్మా కుళ్లిన గడ్డిలో దూరి ఉంది. చీలమండ ఉబ్బి బూటు చినిగేలా ఉంది, పెదవులు నీలం, వేళ్లు వంగడం లేదు. బతికుంది.

కారి వాకీటాకీలో మాట్లాడుతున్నాడు. ఇర్మా నా వైపు చూసింది, ఆ ఉదయం నిలబడి చూసినట్టే. ఆమెకూ గొంతు పోయింది, పెదవులు కదిపింది. "నేను క్షమించబడ్డానా?" అని అడుగుతోంది. నేను నోరు తెరిచాను. మెడ నరాలు తెగేలా తోశాను. గాలి. ఆమె చూస్తూనే ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

ఎయిలా నన్ను పక్కకు నెట్టి, కోసిన మోకాలితో ఆ గడ్డిలో కూలబడింది.

"యేసు నామంలో, ఆయన రక్తంలో నీ పాపాలన్నీ క్షమించబడ్డాయి, నమ్ము, పిచ్చిదానా."

చివరి మాట ఒక్కటే ఎక్కువ. మిగతాది తల్లి నేర్పినది నేర్పినట్టే.

జూలై 26, శనివారం. ఆసుపత్రి

ఇర్మా రొట్టె తిన్నది, గుసగుసగా అన్నీ చెప్పింది. ఫోన్ కావాలనే వదిలేసిందట. మనిషి ఎక్కడ తిరిగిందీ ఫోన్ చూపిస్తుందని అల్లుడు పిల్లలతో అనడం విన్నది. కాలు మడతపడిన తరువాత రోడ్డు మీద ఎవరిదో కారు ఆగిన చప్పుడు వినిపించింది. అరిస్తే వచ్చేవాడే. వస్తే చోటు చూసేవాడే. వాడు పోయాక అరుద్దామనుకుంది. తరువాత కార్లు ఆగలేదు. వాన మొదలైంది. అరిచి అరిచి గొంతు పోయింది.

పళ్ళు ఎవరికని యోహన్నా అడిగింది. ఇర్మా అక్క వైపు చూడలేదు. ఎయిలా మోకాలు కోశారని ఎవరో చెప్పారట, ఆమె వంతు ఏడాది పళ్ళన్నీ కుళ్లిపోతాయని తోచిందట. బకెట్ ఆమె తలుపుకు తగిలించి చప్పుడు చేయకుండా వచ్చేయాలనుకుంది.

"సగమే నిండింది" అన్నది ఎయిలా. సిగరెట్ కాల్చుకోవడానికని బయటికి పోయింది. చాలాసేపు రాలేదు. సిగరెట్ పెట్టె మంచం మీదే ఉంది.

ఆ క్షమాపణ మాట విశ్వాసి నోట వస్తేనే చెల్లుతుందని మేం బోధిస్తాం. నేనే బోధించాను, బల్ల గుద్ది. పొద్దుటి నుంచి లేఖనాలు వెతుకుతున్నాను. దేవుడు మాట్లాడించిన బిలాము గాడిద దగ్గర ఆగాను. ఆ కొట్టంలో గాడిద ఎవరో నాకింకా తేలలేదు. ఇర్మాను కాగితం మీద రాసి అడిగాను, చెల్లిందా అని. చదివి, కాగితం మడిచి, నిద్రపోయింది.

ఆమె ఛాతీ పైకి లేచే దాకా ప్రతిసారీ నా ఊపిరి ఆగుతోంది.

ఆగస్టు 11, సోమవారం

ఇంట్లో. గొంతు వచ్చింది.

ఇర్మా చంకకర్రలతో పోస్టు డబ్బా దాకా వెళ్లింది. కిటికీలోంచి కనబడే దూరమే. వెళ్లేముందు క్షమాపణ నేనే అడిగాను. తిరిగి వచ్చాక మళ్లీ అడిగాను.