మెడ నొప్పికి పాదాలు

నువ్వు పోయి నేటికి ఏడాది. రాయదుర్గంలో జీన్సు కుట్టే ఆడవాళ్లు నిన్నింకా తలుచుకుంటూనే ఉన్నారు. నాకది ఇప్పటికీ గిట్టదు.

బెంగళూరులో ఆస్టియోపతీ, అదే మందుల్లేకుండా చేతులతోనే ఒళ్లు సరిచేసే వైద్యం, చదివేటప్పుడు, ఒకరి ఒంటి మీద ఒకరు చెయ్యి పెట్టి నేర్చుకుంటామని నువ్వు చెప్పిన రోజే నాకు మండింది. ఇక్కడికొచ్చాక, మెడ నొప్పని వచ్చినవాళ్ల పాదాలు పట్టుకుని కూర్చునేవాడివి. మిషను తొక్కే కాలి బిగువే మెడదాకా పాకుతుందనేవాడివి. నా పాదం మాత్రం పెళ్లిలో మెట్టెలు తొడిగినప్పుడు పట్టుకున్నదే, మళ్లీ లేదు.

ఇవాళ నా మెడ పట్టేసింది. నీ దగ్గర వైద్యం చేయించుకున్న సుజాత, మిషను పని నుంచి ఇంటికి పోతూ నన్ను చూడటానికి వచ్చింది. నేను మెడ తిప్పలేకపోవడం చూసి, కింద కూర్చుని నా పాదాలు పట్టుకుంది.

"అన్న ఈడనే మొదులు పెడతాండె వదినా. నొక్కేది లేదు. ఊరికే పట్టుకోని, బిగువు వదిలేదాకా అట్లే ఉంటాండె," అంది.

కళ్లు కూడా మూసుకుంది, అచ్చం నీలాగే. నీ చేతి పట్టు నాకంటే ఆమెకే బాగా తెలుసు.

కాసేపటికి అడిగింది. "తగ్గిండాదా వదినా?"

మెడ అప్పటికే వదిలింది.

"ఇంగా లేదు. పట్టుకోనుండు," అన్నాను.